పెరటి ఎత్తుమడిలో కూరగాయలు సరిగా రావట్లేదా? విశాఖ ఇళ్లకు సమస్య - పరిష్కారం

మధురవాడ, ఎండాడ, పెందుర్తి వైపు కొత్త లేఅవుట్లలో పెరడంటే చాలాచోట్ల కొండ తవ్విన గ్రావెల్ నింపి రోలర్‌తో తొక్కించిన నేలే. దాని మీద నాలుగు వరసలు ఇటుక పేర్చి, ఎర్రమట్టి పోసి వంగ, టమాటా నాటేస్తే మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత ఆకు వాడుతుంది, పసుపెక్కుతుంది, పూత రాలుతుంది. వెంటనే మందుల షాపుకి పరుగెత్తుతాం. ఎత్తుమడి జబ్బుల్లో చాలావాటికి మూలం ఆకు మీద కాదు, అడుగున ఉంటుంది. ఏ లక్షణం కనబడినా ముందు మొక్కకు జానెడు దూరంలో చిన్న గొయ్యి తీసి చూడండి.

నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోంది

దీనికి రెండు కారణాలు. రెండూ ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం, అందుకే తవ్వకుండా నీళ్లు పెంచడం, తగ్గించడం ప్రమాదం.

ఆరంగుళాల లోతున మట్టి నల్లగా, బురదగా ఉండి మురుగు వాసన వస్తే నీళ్లు అడుగున నిలుస్తున్నట్టు. ఒక వేరు తీసి వేళ్ల మధ్య పట్టి లాగండి. కుళ్లిన వేరైతే పైతొక్క ఊడి చేతికొస్తుంది, లోపల దారం లాంటి ఈనె మాత్రం మిగులుతుంది. తొక్కించిన గ్రావెల్‌లోకి నీరు దిగదు, ఇటుకలు సిమెంటుతో కట్టేస్తే పక్కకీ పోదు. తుపాను వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో ఈ బాధ ఎక్కువ. అడుగు వరసలో రెండడుగులకొకటి చొప్పున రంధ్రాలు పెట్టండి. మొక్కల మధ్య గునపంతో కింది నేల దాకా గట్టిగా పొడవండి. కొత్తగా మడి కట్టేవాళ్లు ఇటుక పేర్చకముందే కింది నేలను అడుగు లోతు తవ్వి గుల్ల చేయాలి. ఈ ఒక్క పనికి బద్ధకించొద్దని మరీ మరీ చెబుతాను.

అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. నిజానికి మట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు, దాని పైనే ఆగిపోతుంది. ఆ కంకర బదులు మట్టి పోసుకుంటే వేళ్లకు చోటైనా దొరుకుతుంది.

తవ్వి చూస్తే పైన తడి, కింద పొడి దుమ్ము ఉందా? ఎర్రమట్టి ఎండకు పెచ్చు కట్టింది, నీళ్లు ఇటుక గోడ వెంబడి జారిపోతున్నాయి. పెచ్చు గీరి వదులు చేసి, ఎండుగడ్డో ఎండాకులో రెండు మూడంగుళాల మందాన పరవండి. ఒట్టి ఎర్రమట్టితో మడి నింపొద్దు. మట్టి రెండు వంతులు, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) ఒక వంతు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక వంతు, కాస్త వేపపిండి కలిపితే మా ఎండలకి, వానలకి తట్టుకుంటుంది.

ఆకుల అంచులు మాడుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర

ఉప్పు. సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి బీచ్ రోడ్డు ఇళ్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. సముద్రం వైపు ఉన్న ఆకులే మాడితే గాలి వల్ల. ఆ పక్క షేడ్‌నెట్ కట్టండి. అన్ని వైపులా ముదురాకుల అంచులు మాడితే బోరు నీళ్లు గానీ, కడగని కొబ్బరిపొట్టు గానీ కారణం. పొట్టును బకెట్లో నానబెట్టి, గోధుమరంగు నీళ్లు తేటబడేదాకా మార్చి మార్చి పిండాలి. మడిలో చేరిన ఉప్పు పోవాలంటే మంచినీళ్లు అడుగు రంధ్రాల్లోంచి కారేంతగా పెట్టాలి. రోజూ చెంబెడు పోస్తే ఉప్పు అక్కడే పేరుకుంటుంది. చిక్కుళ్లకి ఉప్పు పడదు, పాలకూర కొంత ఓర్చుకుంటుంది.

మొక్క పసుపెక్కుతోంది

ఏ ఆకు పసుపో చూడండి. కింది ముదురాకులైతే నత్రజని చాలలేదు. పచ్చి ఆకులు, రంపపుపొట్టు మట్టిలో కలిపితే అవి చివకడానికే నత్రజని ఖర్చయిపోతుంది. వర్మీకంపోస్టు వేసి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు బాగా పలచన చేసి పోయండి. గత్తం కొనేటప్పుడు కుప్ప లోపల చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, ఘాటు వాసన వచ్చినా అది ఇంకా పచ్చిదే.

లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం. కొత్త ఇళ్ల పెరట్లో ప్లాస్టరింగ్ పెచ్చులు, సిమెంటు ముద్దలు కలిసిన మట్టిలో ఇది మామూలే. ముక్కలు ఏరేసి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

మిరప ఆకు ముడుచుకుంటోంది

పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్). తొలిదశలో రెండింటికీ వేపనూనె సరిపోతుంది, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. బెండలో ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ తెచ్చే వైరస్, మందు లేదు. మొక్క పీకేయడమే.

వానకు గోడ ఉబ్బింది

తడిసిన మట్టి బరువు. మొదటి వరసను సగం నేలలో పాతండి. వెడల్పు నాలుగడుగులు దాటొద్దు, అప్పుడు మడి తొక్కకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది.

టమాటా పూత రాలిపోతోంది

ఏప్రిల్, మే నెలల్లో అయితే మీ మట్టిదీ ఎరువుదీ తప్పు కాదు. రాత్రి వేడి 25 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని కాయ కట్టదు. విశాఖ వేసవి రాత్రుల్లో ఉక్క అంతకంటే ఎక్కువే. ఆ మడిలో అప్పుడు తోటకూర, గోంగూర, బెండ వేసుకోండి. టమాటా నారు సెప్టెంబరులో పోసి, పెద్ద వానలు తెరిపి ఇచ్చాక నాటి, నాటిన రోజే వెదురు కర్రతో ఊతం కట్టండి.