ముల్లు ఎక్కడ లేస్తోంది: సిగ్నల్ దగ్గరా, హైవే మీదా?

సాయంత్రం ఏడింటికి బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఉన్నప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి కదిలితే ఎంత టెన్షనో నాకు తెలుసు. నాది 12 ఏళ్ల పెట్రోల్ కారు. మారతహళ్లి నుంచి అనంతపురానికి నెలకోసారైనా దాంట్లోనే వెళ్లొస్తాను. ఆదివారం తెల్లవారకముందే నంది హిల్స్ దాకా పోయి రావడం నాకున్న పెద్ద సరదా. ఆ బండి ఇంజన్ మరీ వేడెక్కడం మొదలైనప్పుడు ఒక గ్యారేజీలో ముందు థర్మోస్టాట్ (ఇంజన్ కాగాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మార్చారు, తర్వాత రేడియేటర్ (ఆ నీళ్లు చల్లబడే జాలి), ఆ తర్వాత వాటర్ పంప్. చివరికి దొంగ ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) అని తేలింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసేది, ట్రాఫిక్‌లో అరగంట కాగాక కాంటాక్ట్ వదిలేసేది. "ముల్లు ఎప్పుడు లేస్తోంది?" అని వాళ్లు అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే మూడు పార్టుల డబ్బు మిగిలేది. అందుకే ఇదంతా ఆ ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను.

ముల్లు లేచిన క్షణంలో

ఏసీ ఆపేయండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. లోపల ఉడికిపోతాం, నిజమే. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. దానితో ముల్లు దిగితే మెల్లగా పక్కకు చేరుకోవచ్చు. హీటర్ పెట్టినా చల్లటి గాలే వస్తుంటే లోపల కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచేందుకు నీళ్లలో కలిపి పోసే ద్రవం) అయిపోయిందనో, తిరగడం లేదనో అర్థం. అప్పుడు ఒక్క నిమిషం కూడా నడపొద్దు.

ముల్లు ఎరుపులోకి వెళ్లినా, ముల్లు లేని బండ్లలో ఎర్ర లైటు వెలిగినా ఇంజన్ ఆపేయాల్సిందే. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికెళ్లి చూద్దాం" అనుకున్నప్పుడే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఆపడానికి చోటు దొరకడం కష్టం, కాబట్టి అది ఎక్కేముందే మీటర్ వైపు ఒకసారి చూసుకోండి.

ఆపాక రేడియేటర్ క్యాప్ జోలికి వెళ్లొద్దు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజన్ రోజూ తిరిగేదే 90, 100 డిగ్రీల మధ్య. లోపలి నీళ్లు మరగకుండా ఆగుతున్నాయంటే, కొంత కూలెంట్ వల్ల, ఎక్కువగా ఆ క్యాప్ పట్టి ఉంచిన ప్రెషర్ వల్ల. చాలా క్యాప్‌ల మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, ఆ అంకె బార్లలో ప్రెషర్. వేడి మీద క్యాప్ తిప్పితే ప్రెషర్ పోతుంది, నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం ముప్పావు గంట ఆగండి. రేడియేటర్ పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగి, నొక్కితే మెత్తగా ఉంటే, మందపాటి గుడ్డ వేసి కొంచెం కొంచెంగా తిప్పండి. కాగి ఉన్న ఇంజన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్ పగలొచ్చు.

ట్రాఫిక్‌లో లేచి, బండి కదలగానే దిగుతోంది

బండి పరిగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. కాబట్టి టిన్ ఫ్యాక్టరీ దగ్గర లేచి, ఓల్డ్ మద్రాస్ రోడ్డు ఖాళీగా దొరకగానే దిగితే అనుమానం ముందు ఫ్యాన్ మీదే పడాలి.

బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేయండి. చాలా బండ్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి, కొన్ని బండ్లలో ఇంజన్ ఆపాక కూడా తిరుగుతుంది. అస్సలు తిరగకపోతే ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే. ఫ్యూజ్ బాక్సులో అదే నంబరున్న రిలే ఇంకొకటి, తరచుగా హారన్‌ది, ఉంటుంది. దాన్ని ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. రిలే బాగుంటే మోటార్ కనెక్టర్ కాలి కరిగిందేమో చూడాలి, ఆ తర్వాతే మోటార్. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేకుండా ఇంజన్ కాగినా తిరగకపోతే మోటార్ మంచిదే. అప్పుడు టెంపరేచర్ సెన్సార్‌ను, రెండు స్పీడ్ల ఫ్యాన్ అయితే స్లో స్పీడ్ రెసిస్టర్‌ను చూడాలి.

కొందరు మెకానిక్‌లు ఇక్కడ ఫ్యాన్‌ను "డైరెక్ట్" చేసేస్తారు, అంటే కీ తిప్పగానే ఎప్పుడూ తిరిగేలా. దారిలో గండం గడవడానికి పర్వాలేదు. అలాగే వదిలేస్తే మాత్రం సన్నటి వైరు ఆ కరెంటు తట్టుకోలేక కాలుతుంది. నేనైతే ఒప్పుకోను.

ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా వేడెక్కుతుంటే టార్చి వేసి రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ చూడండి. మెట్రో పనుల దుమ్ము, హైవే పురుగులు కలిసి అట్ట కట్టి ఉంటాయి. తోట పైపుతో, తక్కువ ధారతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగండి. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి గాలికి దారి పోతుంది.

సిటీలో బాగానే ఉంది, హైవేలో లేస్తోంది

గాలి కావలసినంత ఉన్నా వేడి దిగడం లేదంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. ముందు చల్లటి ఇంజన్ మీద కూలెంట్ లెవెల్ చూడండి. లెవెల్ బాగుంటే మిగిలినవి థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడం, రేడియేటర్ లోపల పూడుకుపోవడం, వాటర్ పంప్ అరిగిపోవడం.

మన ఊళ్లో రెండోది ఎక్కువ, దానికి కారణం బోరు నీళ్లు. బకెట్లకు, కుళాయిలకు తెల్లటి పొర పట్టించే ఆ ఉప్పు నీళ్లనే "కొంచెం తగ్గింది" అని రేడియేటర్‌లో పోస్తాం. సన్నటి గొట్టాల్లో అదే పొర కట్టి, ఏడాదికేడాది దారి మూసేస్తుంది. కూలెంట్ ఎర్రమట్టి రంగులోకి మారితే తుప్పు కూడా మొదలైనట్టే. మొదట్లోనే అయితే ఫ్లష్ చేయిస్తే సరిపోతుంది. పాతకాలపు ఇత్తడి రేడియేటర్ అయితే విప్పి శుభ్రం చేసేవాళ్లున్నారు. ప్లాస్టిక్ ట్యాంకున్న అల్యూమినియం రేడియేటర్ బాగా పూడుకుంటే కొత్తది వేయడమే మంచిది. కార్ల పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో వెతికితే దొరుకుతుంది, పాత రేడియేటర్ మీదున్న పార్టు నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి.

థర్మోస్టాట్ గురించి మా అపార్ట్‌మెంట్‌లో ఉండే కడప తమ్ముడు మొన్న అడిగాడు.

"అన్నా, మెకానిక్ థర్మోస్టాట్ పీకేయమంటున్నాడు. ఎండాకాలం దాని పనే లేదంట. పీకించేదా?"

"వద్దు తమ్ముడూ. చెడిపోయుంటే కొత్తది వేయించు, ఉత్త చోటు మాత్రం వదలొద్దు."

అది లేకపోతే హైవే మీద ఇంజన్ కావలసినంత వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజ్ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. అలాంటి వాటిలో తీసేస్తే కాగిన నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరిగి, వేడి ఇంకా పెరగొచ్చు. పరీక్ష సులువు. విప్పిన థర్మోస్టాట్‌ను గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచండి. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి.

ఘాట్‌లో మాత్రమే లేస్తోంది

తిరుపతి వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు, తిరిగొచ్చేటప్పుడు చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే లేస్తుంది. నిండు బండి, ఎండ, ఎక్కుడు, తక్కువ స్పీడు, అన్నీ కలుస్తాయి. సగం పూడుకున్న రేడియేటర్ మొదట బయటపడేది ఇక్కడే. అదలా ఉంచితే నడిపే పద్ధతీ ముఖ్యమే. నాలుగో గేరులో ఈడ్చకుండా మూడుకో రెండుకో దించి, ఇంజన్‌ను హాయిగా తిరగనివ్వండి. పంప్ కూడా అంత వేగంగానే నీళ్లు తిప్పుతుంది. నంది హిల్స్ మలుపుల్లో నేను దీన్ని బాగా గమనించాను.

కూలెంట్ తగ్గుతోంది, ఎటు పోతోందో తెలియదు

రాత్రి బండి కింద ఓ అట్టపెట్టె ముక్క పరవండి. ఏసీ నీళ్లు ఆరిపోతాయి. కూలెంట్ అయితే రంగుతో, జిగటగా, తీపి వాసనతో మిగులుతుంది. హోస్ క్లిప్పుల దగ్గర, పంప్ కింద తెల్లటి చార ఉంటే అదే చోటు. కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా, తీపి వాసన వేస్తుంటే కారేది హీటర్ కోర్, అంటే హీటర్‌లోని ఆ చిన్న రేడియేటర్.

ఎక్కడా మరక లేకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్‌కు, దాని కిందున్న ఇంజన్ బ్లాకుకు మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఇంజన్ కాగాక కూడా సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే గట్టిపడే హోస్, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు దాని గుర్తులు. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపించగానే భయపడకండి. బెంగళూరు చలికాలంలో ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిప్పే బండికి తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద కూడా అదే ఉంటే మాత్రం నడపడం ఆపేయండి. హెడ్ విప్పినప్పుడు దాని అడుగు ఫేస్ వంకర ఉందో లేదో స్కేలు పెట్టి మీ ముందే చూపించమనండి. వంకర ఉంటే ఫేసింగ్ (ఆ అడుగును చదును చేయడం) చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. హెడ్ బోల్టులు కొత్తవి వేయాలని మాన్యువల్‌లో ఉంటే కొత్తవే వేయించండి.

నింపేటప్పుడు

మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే కొనండి. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ రంగులు చూసి పోల్చుకోవద్దు, రంగు కంపెనీని బట్టి మారుతుంది. కలపని కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. క్యాప్ తెరిచి, హీటర్ ఫుల్‌గా పెట్టి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, బుడగలు వస్తున్న కొద్దీ నింపుతూ, బుడగలు ఆగాక క్యాప్ మూయండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. గాలి తీసే స్క్రూ ఉన్న బండ్లలో అది కూడా వదులు చేయాలి. గాలి లోపల ఉండిపోతే కొత్త పార్టులన్నీ వేసినా ముల్లు లేస్తూనే ఉంటుంది.

కింద ఒలికింది వెంటనే నీళ్లతో కడిగేయండి. తీపిగా ఉంటుందని వీధి కుక్కలు నాకుతాయి, కొంచెం చాలు ప్రాణం పోవడానికి. మర్నాడు ఉదయం, స్టార్ట్ చేయకముందే కూలెంట్ డబ్బాలో లెవెల్ మళ్లీ చూడండి. కొద్దిగా తగ్గడం మామూలే, గీత దాకా నింపి వారం పాటు రోజూ చూస్తూ ఉండండి.