ఆగితే వణుకు, కదిలితే మామూలు: పాత పెట్రోల్ కారులో ఐడ్లింగ్ సమస్య

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, ఆర్‌పీఎం ముల్లు ఊగుతుంది. గేరు వేసి కదిలితే ఏమీ జరగనట్టే పరుగెడుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ప్లగ్గులు మార్చమంటారు. మార్చినా వణుకు పోదు. తర్వాత కాయిల్, ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్. డబ్బులన్నీ అయ్యాక బండి నా దగ్గరికి వస్తుంది. బానెట్ ఎత్తి రబ్బరు గొట్టాలు ఒకసారి తడిమి చూశారా అంటే మాత్రం అందరూ మౌనమే.

ముందు ముల్లు చూడండి. బండి ఊగుతున్నా ముల్లు 750, 850 మధ్య ఒకచోట కదలకుండా ఉంటే ఇంజిన్ దాదాపు బాగానే తిరుగుతోందన్నమాట. ముందుగా ఇంజిన్ మౌంటింగులు, అంటే ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మలు చూడండి. రబ్బరు చిట్లిందా, కుంగిందా అన్నది కంటికే కనబడుతుంది. మార్చేస్తే సరి.

కదిలేటప్పుడు కూడా కుదుపు ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువైతే అది మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండటం లేదు. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోలు చిమ్మేది) కనెక్టర్ పీకి చూడండి. ఏది పీకినప్పుడు ఇంజిన్‌లో తేడా రాదో ఆ సిలిండర్ పని చెయ్యడం లేదు. దాని కాయిల్‌ని (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) పక్క సిలిండర్‌కి వెయ్యండి. జబ్బు కూడా పక్కకి పోతే కాయిల్ మార్చండి, పోకపోతే ప్లగ్గు చూడండి. ప్లగ్గులు మార్చాల్సింది ఇక్కడ.

ఇక ఆగినప్పుడు మాత్రమే వణికే బండి. నన్ను ఎక్కువసార్లు మోసం చేసింది ఇదే.

ఐడ్లింగ్‌లో థ్రాటిల్, అంటే ఇంజిన్‌కి గాలి వదిలే తలుపు, దాదాపు మూసి ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలి చాలా కొంచెం, కానీ మానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్లో) పీడనం తక్కువ కాబట్టి లాగుడు గట్టిగా ఉంటుంది. ఎక్కడైనా చిన్న చీలిక ఉంటే అందులోంచి దొంగగాలి దూరుతుంది. కొంచెం గాలిలో అది పెద్ద వాటా. యాక్సిలరేటర్ నొక్కితే అసలు గాలే బోలెడు వస్తుంది కాబట్టి దొంగగాలి లెక్కలోకి రాదు, వణుకు మాయమవుతుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఈ గాలి సెన్సర్ గుండా రాదు, అందుకే దానికి తగ్గ పెట్రోలు పడదు. మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ ఉన్న బండి కొంచెం వేరు. అందులో వణుకు కన్నా ఐడిల్ పెరిగిపోవడమో, పైకీ కిందికీ ఊగడమో ఎక్కువ. జబ్బు ఒకటే.

ఒక బండికి నేను ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ కడిగి, ఐడిల్ వాల్వ్ కూడా కొత్తది వేశాను. తగ్గలేదు. గొట్టాలన్నీ చూశాననే అనుకున్నాను, కానీ పైనుంచి చూశాను. చివరికి పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిర్లని మానిఫోల్డ్‌లోకి పంపేది) దగ్గరి వంపు గొట్టం కింద వేలు పెడితే గోరంత చీలిక తగిలింది. ఆయిల్ తగిలి తగిలి రబ్బరు మెత్తబడి, మానిఫోల్డ్ వైపున్న అడుగు భాగంలో పగిలింది. పైన మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అప్పటి నుంచి పీసీవీ గొట్టాన్ని ఊడదీసి, వంచి చూడకుండా ఇంకే పార్టూ కొనను. బ్రేక్ బూస్టర్ గొట్టం, థ్రాటిల్ బాడీ కింది గాస్కెట్, పాత బండ్లలో మూతలు ఊడిన చిన్న నాజిల్స్ కూడా అంతే.

దొరక్కపోతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, అనుమానం ఉన్నచోట కార్బ్యురేటర్ క్లీనర్ కొంచెం కొంచెంగా కొట్టండి. ఆర్‌పీఎం మారిందా, లీకు అక్కడే. అది భగ్గున అంటుకునే ద్రవం. వేడి సైలెన్సర్ పైపు మీదా, ప్లగ్గు వైర్ల మీదా పడనివ్వకండి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు వణికి వేడెక్కాక తగ్గే బండిలో గాస్కెట్‌ని ముందు అనుమానించండి, వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది.

స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే బండి కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంలో సున్నా దగ్గరికి వస్తే లీకు దాదాపు ఖాయం. రెండుచోట్లా ఎక్కువే ఉంటే లీకు వెతకడం ఆపి ఫ్యూయల్ ప్రెషర్ కొలవండి.

చీలిన గొట్టానికి టేపు చుట్టకండి, నాలుగు రోజుల్లో ఊడుతుంది. ఆయిల్‌కి తట్టుకునే రబ్బరే వెయ్యాలి. వంపు గొట్టం బదులు తిన్నని ముక్క వేస్తే వంగినచోట నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది.

ఈజీఆర్ వాల్వ్ (పొగని కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకునే ఉండిపోవడం, సిలిండర్ వాల్వ్ కాలి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పడిపోవడం కూడా ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ అయ్యాకే కంప్రెషన్ గేజ్ బయటికి తీయండి.