కువైట్ వెళ్లేలోపు ఇంట్లోనే అరబ్బీ మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?

వింటూ మాట్లాడటం నేర్పే ఆడియో కోర్సు కొనే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. మీకు కావలసింది ఏ అరబ్బీ?

పుస్తకాల్లో, టీవీ వార్తల్లో ఉండే అరబ్బీని ఫుస్‌హా అంటారు. ఇళ్లలో, బజార్లలో దాన్ని మాట్లాడరు. ‘నాకు కావాలి’ అన్న మాటే చూడండి. ఫుస్‌హాలో ‘ఉరీద్’, ఈజిప్టులో మగవాడు ‘ఆయిజ్’ అంటాడు, కువైట్‌లో ‘అబీ’. ‘ఏమిటి’కి కువైట్‌లో ‘షినూ’, రియాద్‌లో ‘వేష్’, దుబాయ్‌లో ‘షూ’. ‘ఐష్’ అంటే ఈజిప్టులో రొట్టె, కువైట్‌లో అన్నం. కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచి ఇంటిపనికి, డ్రైవర్ పనికి కువైట్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇక్కడ కువైట్ మాటే తీసుకున్నాం. కరీంనగర్, జగిత్యాల నుంచి దుబాయ్‌కో సౌదీకో వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు మారతాయి, నేర్చుకునే పద్ధతి మాత్రం ఇదే.

కోర్సు ఏ అరబ్బీదో మొదటి పాఠంలోనే బయటపడుతుంది. ‘ఎలా ఉన్నావు?’ దగ్గర చెవి పెట్టండి. ‘కైఫ హాలుక’ అంటే ఫుస్‌హా. ‘ఇజ్జయ్యక్’ అంటే ఈజిప్టు. ‘కీఫక్’ అంటే లెబనాన్, సిరియా వైపుది. ‘ష్‌లోనక్’ అని వినిపిస్తే అది మీకు పనికొచ్చే కోర్సు. ఖురాన్ చదవడం వచ్చినవాళ్లకు అక్షరాలు, ధ్వనులు ముందే తెలుసు కాబట్టి ఒక వారం కలిసొస్తుంది. సంభాషణ మాత్రం వాళ్లూ మొదటి నుంచే నేర్చుకోవాలి.

మొదటి వారం: నోరు తిరగడం

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక పెద్ద సౌకర్యం ఉంది. దీర్ఘాలు, ఒత్తులు మనకు పుట్టుకతో వచ్చినవి. అరబ్బీలో ‘హమామ్’ అంటే పావురం, ‘హమ్మామ్’ అంటే స్నానాలగది. ఇంగ్లీషు వాళ్లు నెలల తరబడి తడబడే ఈ తేడా మనకు వినగానే తెలుస్తుంది. మనకు కష్టమయ్యేవి వేరే ఉన్నాయి.

ఒకటి, గొంతులోంచి వచ్చే ‘హ’. అద్దాన్ని తుడిచే ముందు దాని మీద వేడి గాలి ఊదుతాం చూడండి, ఆ ఊపిరే ఆ హల్లు. మామూలు ‘హ’ కూడా అరబ్బీలో ఉంది కాబట్టి రెండూ కలిసిపోకూడదు. రెండోది ‘ఖ’. మన ‘ఖ’ నాలుక ఆనించి వదిలేది, వాళ్లది గొంతు వెనక గరగరలాడేది. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖబర్’ అనే తీరు వింటే చాలు. మూడోది ‘ఐన్’ అనే అక్షరం. ‘అ’ అంటూ గొంతును లోపల్నుంచి బిగిస్తే దాని దగ్గరకు వస్తారు. నాలుగోది బరువైన త, ద, స. వీటిని మన ట, డ అనుకోవడం చాలామంది చేసే తప్పు. ట పలికేటప్పుడు నాలుక కొస పైకి మడుస్తాం. అరబ్బీ బరువు ‘త’కు కొస పళ్ల దగ్గరే ఉంటుంది, నాలుక వెనక భాగం పైకి లేస్తుంది. మామూలు ‘త’తో ‘తీన్’ అంటే అంజూరపండ్లు, బరువు ‘త’తో అయితే బురద.

ఇంకొక అలవాటు వదిలించుకోవాలి. మాట చివర ‘ఉ’ చేర్చకండి. ‘కితాబ్’ అనే ఆగాలి, ‘కితాబు’ కాదు.

రోజుకు పదిహేను నిమిషాలు, ధ్వనికి ఐదు మాటలు చొప్పున పలికి ఫోన్‌లో రికార్డు చేసుకుని కోర్సు గొంతు పక్కన పెట్టి వినండి. పలికేటప్పుడు సరిగానే ఉందనిపించినది వినేటప్పుడు తేలిపోతుంది. నోట్‌బుక్‌లో తెలుగు లిపిలోనే రాసుకోండి, బరువు ధ్వనుల కింద ఒక చుక్క పెట్టండి. అరబ్బీ లిపి ఈ దశలో అక్కర్లేదు. అక్షరాలు దిద్దుతూ రెండు నెలలు గడిపి ఒక్క వాక్యమైనా మాట్లాడకుండా ఆపేసేవాళ్లు చాలామంది.

రోజుకు ఒక్క పాఠం

వినే కోర్సుల్లో పాఠం సాధారణంగా అరగంట ఉంటుంది. రోజుకు ఒకటి మించి వద్దు. ప్రశ్న వినిపించాక కోర్సు గొంతు జవాబు చెప్పేలోపు మీరే పైకి చెప్పాలి. తప్పయినా సరే. గుర్తుకు తెచ్చుకోవడానికి పడే ఆ పెనుగులాటే మాటను నిలబెడుతుంది. జవాబుకు కోర్సు వదిలిన ఖాళీ చాలకపోతే పాజ్ నొక్కండి. వంట చేస్తూ పక్కన మోగించుకుంటే చెవికి అలవాటవుతుంది, నోటికి రాదు. పది ప్రశ్నల్లో ఎనిమిదింటికి జవాబు వస్తే మరుసటి పాఠానికి వెళ్లండి, లేకుంటే అదే మళ్లీ. ముప్ఫై పాఠాలకు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అయిపోయిన పాఠాన్ని మర్నాడు ఐదు నిమిషాలు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు తిరగేయాలి.

కోర్సు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి మీకు ఆ భాష అంతగా రాకపోతే సొంతంగా ఆడియో చేసుకోండి. మీ గొంతుతో తెలుగు వాక్యం, నాలుగు సెకన్ల మౌనం, తర్వాత కోర్సులోని అరబ్బీ వాక్యం రెండుసార్లు. ఒక ఫైల్‌లో పదిహేను వాక్యాలు చాలు.

ఆడవాళ్లు తప్పక సరిచూసుకోవలసింది

చాలా కోర్సులు మగవాడితో మాట్లాడే రూపాలతో మొదలవుతాయి. ఇంట్లో పనిచేసే స్త్రీకి రోజంతా వినిపించేవి వేరు. మగవాణ్ణి ‘రూహ్’ (వెళ్లు), ‘తఆల్’ (రా), ‘జీబ్’ (తీసుకురా) అంటే, ఆడమనిషిని ‘రూహీ’, ‘తఆలీ’, ‘జీబీ’ అంటారు. ‘ష్‌లోనక్’ కాస్తా ‘ష్‌లోనిచ్’ అవుతుంది. ‘నీకేం కావాలి?’ మగవాడికి ‘ష్తబీ’, ఆడవాళ్లకు ‘ష్తబీన్’. అలసట, నలత చెప్పుకోవడానికి మగవాడు ‘అనా తఅబాన్’, స్త్రీ ‘అనా తఅబానా’. కోర్సులో ఎదురైన ప్రతి ఆజ్ఞనూ రెండు రూపాల్లో పలకడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

కువైట్ నోట కొన్ని అక్షరాలూ మారతాయి. కోర్సులో కోడి ‘దజాజ్’ అయితే అక్కడ ‘దియాయ్’, ఎంత అనే ‘కమ్’ అక్కడ ‘చమ్’. ధర అడగాలంటే ‘బిచమ్’.

ఇవి మొదటే కంఠతా రావాలి: ‘మా ఫహమ్త్’ (అర్థం కాలేదు), ‘ష్వయ్ ష్వయ్’ (మెల్లగా), ‘వేన్ మఆషీ?’ (నా జీతం ఏదీ?), ‘అబీ దుక్తూర్’ (డాక్టరు కావాలి).

తెలిసిన మాటలు, మోసం చేసే మాటలు

కుర్చీ, దుకాణం, జవాబు, తారీఖు అరబ్బీ నుంచి మనకు చేరినవే, కాబట్టి వాటికి కష్టపడక్కర్లేదు. మన ‘హాజరు’ అక్కడ ‘హాదిర్’, పని చెబితే ‘అలాగే’ అనడానికి వాడతారు. కానీ ‘రకమ్’ అంటే మన ‘రకం’ కాదు, నంబరు. ‘మాఫీ’ అని వినిపిస్తే క్షమాపణ కాదు, ‘మా ఫీ’ అంటే ‘లేదు’. ‘మా ఫీ ముష్కిలా’ అంటే ఇబ్బంది లేదని.

అంకెల్లో ఒకట్లు ముందు చెబుతారు. ఇరవై ఐదు ‘ఖమ్స వ ఇష్రీన్’, అంటే ఐదూ ఇరవై. రాసినప్పుడు చిన్న చుక్కే సున్నా, సున్నాలా గుండ్రంగా కనిపించేది ఐదు. మందు డోసు దగ్గర, ధరల దగ్గర ఇది పొరబడితే ముప్పు, అందుకే ఒకరోజు దీనికే కేటాయించండి.

మనిషితో మాట్లాడటం

ఇరవయ్యో పాఠం దాటాక వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, కువైట్‌లో ఉన్న చుట్టాలతోనో తిరిగొచ్చిన ఊరివాళ్లతోనో అరబ్బీలోనే మాట్లాడండి. ఒక జాగ్రత్త ఉంది. పరదేశీ కార్మికుల మధ్య పొట్టి అరబ్బీ ఒకటి నడుస్తుంది. ఆడా మగా తేడా, క్రియల మార్పు అందులో ఉండవు. దాంతో చెప్పుకోగలుగుతారు గానీ, మీరు పనిచేసే ఇంటివాళ్లు తమలో తాము మాట్లాడుకునేది అందదు. కాబట్టి చుట్టాల దగ్గర, ఊరివాళ్ల దగ్గర వంటింటి సామాన్లు, బండి భాగాలు, వీధుల పేర్లు అడిగి రాసుకోండి. క్రియలు మాత్రం కోర్సు చెప్పినట్టే పలకండి.