పగడాల తొట్టికి ఉప్పునీళ్లు: తేడా ఎక్కడొస్తుంది, ఎలా దిద్దాలి

నీళ్లు పాలలా తెల్లబడి, తెల్లారినా తేరుకోవడం లేదు.
తొట్టి కోసం అమ్మే సముద్రపు ఉప్పు ముందు పోసి, దాని మీద నీళ్లు పోసి ఉంటారు. ఉప్పు చిక్కగా ఉన్నచోట కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నపు పొడిగా అడుక్కి దిగిపోతాయి. నా మొదటి డ్రమ్ములో ఇదే జరిగింది. అడుగున చెయ్యి పెడితే ముగ్గుపిండిలా వేళ్లకి అంటుకుంది. కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత) 8 ఉండాల్సింది 5 చూపించింది. ఆ నీళ్లు తొట్టిలో పొయ్యకండి. ముందు నీళ్లు, అందులో పవర్‌హెడ్ (నీళ్లని తిప్పే చిన్న పంపు) తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడుగా ఉప్పు. అంతా కరిగాకే హీటర్.

తూకం ప్రకారమే వేసినా సెలైనిటీ (ఉప్పదనం) తక్కువొస్తోంది.
మా బరంపురంలో దీనికి పెద్ద కారణం చెమ్మ. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊరు కదా, మూత సరిగ్గా పెట్టని బకెట్లో ఉప్పు నీరు పీల్చుకుంటుంది. లీటరుకి 38 గ్రాములు తూచినా అందులో కొంత నీటి బరువే. గట్టి డబ్బాలో పెట్టండి, తూకం కంటే సెలైనిటీ కొలిచే మీటర్ని నమ్మండి. రాయిలా గట్టిపడితే కలిపాక కేహెచ్ చూడకుండా వాడొద్దు.

మీటర్ బాగానే ఉంది, పగడాలే ముడుచుకుపోతున్నాయి.
అయితే మీటర్నే అనుమానించండి. చవక రిఫ్రాక్టోమీటర్లు (నీటి చుక్క వేసి కాంతిలో చూసే మీటర్లు) చాలావరకు వంటుప్పు నీటి కొలతకి చేసినవి. మంచినీటితో సున్నా పెడితే, నిజంగా 35 పిపిటి (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) ఉన్న సముద్రపు నీటిని 36.5 దగ్గర చూపిస్తాయి. మీరు 35కి దించామనుకుంటారు, తొట్టిలో 33.5 ఉంటుంది. మీటర్ సరిచూసుకోడానికి అమ్మే 35 పిపిటి కాలిబ్రేషన్ ద్రావణం చుక్క వేసి, అర నిమిషం ఆగి, నీలం తెలుపు కలిసే గీత 35 మీదకి వచ్చేదాకా స్క్రూ తిప్పండి. ముల్లు ఊగే హైడ్రోమీటరైతే, ముల్లుకి అంటిన గాలి బుడగ దాన్ని పైకి లేపి ఎక్కువ చూపిస్తుంది. తట్టి బుడగలు పోగొట్టండి.

ఉప్పు సరే, గోధుమరంగు నాచు ఆగడం లేదు.
ఇంట్లో తాగే ఆర్.ఓ. నీళ్లే పోస్తున్నారా? ఆ మిషన్లలో చాలావాటికి టి.డి.ఎస్. (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం మామూలు నీళ్లు కొంత కలిపేస్తుంది. వాటితో వచ్చే లవణాలే నాచుకి మేత. మనకి కావలసింది సున్నా టి.డి.ఎస్. మిగిలిన లవణాలు కూడా లాగేసే డీఐ ఫిల్టరు తగిలించండి.

మా దగ్గరి హుమ్మా ఉప్పు మళ్లలో పండే ఉప్పు వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఉప్పు మళ్లలో పేరుకునేది చాలావరకు సోడియం క్లోరైడే. పగడాలకి కావలసిన మెగ్నీషియం తల్లినీటిలోనే (ఉప్పు తీశాక మడిలో మిగిలే చేదు నీటిలోనే) మిగిలిపోతుంది. గోపాలపూర్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లు వానాకాలంలో, ఆ తర్వాత కొన్ని నెలలు మరీ జాగ్రత్త. నదుల వరద కలిసి అక్కడ ఉప్పదనం పడిపోతుంది, కొలవకుండా పొయ్యొద్దు.

రోజురోజుకీ సెలైనిటీ పెరుగుతోంది.
ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. ఎండాకాలం ఫ్యాను పెడితే మరీను. తగ్గినంతా ఆర్.ఓ. నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. 50 లీటర్లు 37 పిపిటి ఉంటే 2.7 లీటర్లు తీసి, అన్నే మంచి ఆర్.ఓ. నీళ్లు పోస్తే 35కి దిగుతుంది. ఒక్కసారే కాదు, రెండు రోజుల మీద.