తెలుగు పేరున్న ఫోల్డర్‌ను పవర్‌షెల్ స్క్రిప్టు గుర్తించకపోతే: నా అనుభవం

డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోయే పీడీఎఫ్ ఫైళ్లను సంవత్సరాల వారీగా ‘రసీదులు’ అనే ఫోల్డర్‌లోకి చేర్చడానికి విండోస్ పవర్‌షెల్‌లో, అంటే ఆదేశాలు రాసి కంప్యూటర్‌తో పని చేయించే సాధనంలో, ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. అది ఏ ఎర్రర్ సందేశమూ చూపకుండానే పూర్తయింది గాని, ఫైళ్లన్నీ అర్థంకాని గుర్తుల పేరుతో కొత్తగా ఏర్పడిన మరో ఫోల్డర్‌లో తేలాయి.

ఆ గుర్తులే కారణాన్ని పట్టించాయి. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూనికోడ్ పద్ధతిలో, ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. ఆ మూడింటినీ విడివిడి రోమన్ అక్షరాలుగా చదివితే, నెత్తిన గీత ఉన్న ‘ఎ’ (à) మాటిమాటికీ కనిపిస్తుంది. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను బామ్, అంటే ఫైలు మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు, లేకుండానే యూటీఎఫ్-8లో భద్రపరుస్తోంది, విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 మాత్రం ఆ గుర్తు లేని స్క్రిప్టును పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో, అంటే ఇక్కడ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా, చదువుతుంది. డిస్కు మీద ఉన్న ఫైళ్ల తెలుగు పేర్లకు ఈ బెడద లేదు, ఎందుకంటే విండోస్ డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ వ్యవస్థ వాటిని యూనికోడ్‌లోనే ఉంచుతుంది. చిక్కంతా స్క్రిప్టు లోపల రాసిన పేర్లతోనే.

నోట్‌ప్యాడ్‌లో ‘సేవ్ యాజ్’ తెరిచి, ఎన్‌కోడింగ్ దగ్గర ‘యూటీఎఫ్-8 విత్ బామ్’ ఎంచుకోగానే సమస్య తీరింది. పవర్‌షెల్ 7కు మారితే ఈ మార్పు కూడా అక్కర్లేదు. అయితే ఫైళ్లను కదిలించే ఏ ఆదేశానికైనా మొదట దాని చివర ‘-వాట్‌ఇఫ్’ (-WhatIf) తగిలించి, ఏది ఎక్కడికి వెళ్లబోతోందో తెర మీద చూసుకున్నాకే అసలు పని చేయించడం మేలని నా అభిప్రాయం.