ఉద్యోగం మానకుండా టెక్నాలజీ చదువు మొదలుపెట్టడం ఎలా: నల్లగొండ, పాలమూరు వారికి

ముప్పై దాటాక సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకునేవారు ముందుగా అడిగేది ఏ కోర్సులో చేరాలని. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవారైనా, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవారైనా, జడ్చర్ల ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవారైనా, వారికి నేను చెప్పేది ఒక్కటే. ఫీజు కట్టకముందు, రాజీనామా ఇవ్వకముందు, ఇప్పుడు చేస్తున్న పనిలోంచే ఒక చిన్న సమస్యను తీసుకుని, మూడు నెలలు కూర్చుని దానికి ప్రోగ్రాం రాయండి.

మిల్లు గుమాస్తా అయితే వేబ్రిడ్జి దగ్గరి రిజిస్టరు చాలు. లారీ నంబరు, లోడుతో ఉన్న బరువు, ఖాళీ బరువు, తేమ శాతం ఎక్సెల్‌లో నింపి, సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన సాదా పట్టికగా) భద్రపరచి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కో వరుసను చదివించి, నికర బరువు లెక్కగట్టి, కొనుగోలు కేంద్రాలు ధాన్యానికి పెట్టిన 17 శాతం తేమ పరిమితి దాటిన లోడ్లను విడిగా చూపించాలి. ఏదో ఒక వరుసలో ఖాళీ బరువు గడి నింపకుండా వదిలేసి ఉంటారు, ప్రోగ్రాం అక్కడ అంకె దొరకక వాల్యూఎర్రర్ అనే తప్పు సందేశం ఇచ్చి ఆగిపోతుంది. మరో వరుసలో కిలోలకు బదులు క్వింటాళ్లు రాసి ఉంటారు, అక్కడ ఎర్రర్ రాదు కానీ జవాబు తప్పుతుంది. ఈ రెండో తప్పు కొత్తగా ఇంజినీరింగ్ పూర్తి చేసిన కుర్రవాడి కంటే మీ కంటికే ముందు పడుతుంది, ఎందుకంటే ఖాళీ లారీ ఎంత తూగుతుందో మీకు తెలుసు. ఇన్నేళ్ల అనుభవం కొత్త రంగంలో పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటనే.

ఈ మూడు నెలలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. ముందు పైథాన్, తర్వాత డేటాబేస్‌లోంచి వివరాలు తీసే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. ఫోన్‌లో వీడియోలు చూడటం చదువు కాదు. సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్రోగ్రాంను మీరే టైప్ చేయాలి.

ఆ పని మీద ఇష్టం నిలిస్తే అప్పుడు డిగ్రీ సంగతి చూడండి. కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ డిగ్రీ అయిన ఎంసీఏ 2020-21 నుంచి రెండేళ్ల కోర్సు. దాని ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ గణితం చదివి ఉన్నారో లేదో ముందే చూసుకోవాలి. రెగ్యులర్ ఎంసీఏ తరగతులు సాధారణంగా పగటిపూటే ఉంటాయి కనుక జీతం ఆగిపోతుందని ఇంట్లో స్పష్టంగా మాట్లాడుకోండి. ఉద్యోగం వదల్లేనివారికి ఇగ్నో దూరవిద్య ఎంసీఏ ఉంది. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు, ఇంటర్ పాసై ఉండి, క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష దాటితే చాలు. మధ్యలో ఆపినా పూర్తి చేసిన దశను బట్టి సర్టిఫికెట్ గానీ డిప్లొమా గానీ చేతికొస్తుంది కాబట్టి, సంసార బాధ్యతలున్నవారికి నేను ముందుగా దీన్నే సూచిస్తాను. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, పరీక్షలకు మాత్రం కేంద్రానికి స్వయంగా వెళ్లాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వయసు, ఆదాయ పరిమితులు ఉంటాయి కనుక ఆ వివరాలు చేరకముందే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో చూసుకోండి.

హైదరాబాదులో ఉద్యోగం గ్యారంటీ అంటూ ముందే మొత్తం ఫీజు అడిగేవారి దగ్గర చేరకండి. లేని అనుభవాన్ని ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామనే వారిని అసలే నమ్మకండి, ఎందుకంటే కంపెనీలు పాత ఉద్యోగ వివరాలను పీఎఫ్ ఖాతాతో సరిచూస్తాయి, దొరికితే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. మీరు రాసిన ప్రోగ్రాంను, అసలు లారీ నంబర్లు తీసేసి, ప్రోగ్రాంలను అందరూ చూసేలా ఉంచే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమేలో పాత ఉద్యోగాన్ని దాచకుండా దాని పక్కనే ఆ లింకు ఇచ్చి, మీ రంగానికే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో టెస్టింగ్, సపోర్ట్, డేటా ఉద్యోగాలకు ముందుగా దరఖాస్తు చేయండి.