సంక్రాంతికి ఊరెళ్లేముందు ఆటోసపోర్ట్ చూసుకోండి (మీకు మెయిల్ రావడం లెక్కలోకి రాదు)

ఆటోసపోర్ట్ అంటే నెట్‌యాప్ స్టోరేజ్ బాక్స్ తన బాధ తనే కంపెనీకి కబురు పంపుకునే ఏర్పాటు. ఆ కబురు చూసే వాళ్లు కేసు తెరిచి, కొత్త డిస్కు పంపుతారు.

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగింది. ఒక కంపెనీలో స్టోరేజ్ చూసుకునే కుర్రాడు, ర్యాక్ ముందు నిలబడి మాట్లాడుతున్నాడు, వెనక ఫ్యాన్ల హోరులో సగం మాటలు వినపడట్లేదు. "అన్నా, షెల్ఫ్‌లో మూడు డిస్కుల దగ్గర ఆరెంజ్ లైటు వెలుగుతోంది, మూడూ ఒకే రెయిడ్ గ్రూపు, స్పేర్ చూస్తే సున్నా." రెయిడ్ గ్రూపు అంటే ఒకటి పోయినా డేటా నిలిచేలా కలిపి కట్టిన డిస్కుల జట్టు, స్పేర్ అంటే పోయినదాని చోట్లోకి వెళ్లడానికి ఖాళీగా ఉంచిన డిస్కు.

మొదటి డిస్కు పోయి అప్పటికే మూడు వారాలైంది. ఉన్న ఒక్క స్పేరూ దాని స్థానంలోకి వెళ్లిపోయింది, అంతా నిమ్మళంగా నడుస్తోంది కదాని ఎవరూ అటు చూడలేదు. తర్వాత రెండోది పోయింది. శుక్రవారం రాత్రి మూడోది. రెయిడ్ డీపీలో గ్రూపుకి రెండు డిస్కులు లేకపోయినా డేటా ఉంటుంది, అంటే అప్పటికి సరిగ్గా అంచు మీద ఉన్నారు. కొత్త డిస్కులు ఆదివారం సాయంత్రం వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నమే ఇంకోటి పోయింది. అగ్రిగేట్ (ఆ డిస్కులన్నీ కలిసిన స్టోరేజ్ ముద్ద) మొత్తం పోయి, బ్యాకప్ నుంచి తెచ్చుకుని మళ్లీ నిలబడేసరికి గురువారం.

"ఆటోసపోర్ట్ వెళ్లట్లేదా?" అనడిగాను.

"వెళ్తోందన్నా. పెట్టినప్పుడే టెస్ట్ కొట్టాం, నాకు మెయిల్ కూడా వచ్చింది."

అదిగో, ఆ మాటే. ఇప్పటికి నాలుగు చోట్ల విన్నాను ఆ మాట, నాలుగు చోట్లా కథ ఒకటే. మెయిల్ వచ్చింది మీకు. డిస్కు పంపాల్సింది మీరు కాదు కదా.

పండగ ముందు ఇది రాయడానికి కారణం వేరే చెప్పక్కర్లేదు. భోగి నుంచి ముక్కనుమ దాకా ఆఫీసుల్లో ఫ్లోర్ ఖాళీ, ఉన్న ఒక్కడూ నెట్‌వర్క్ వాడో హెల్ప్‌డెస్క్ వాడో అయ్యుంటాడు, మీరేమో గోదావరి జిల్లాలో సిగ్నల్ లేని చోట ఉంటారు. ఆ నాలుగు రోజులూ బాక్స్ తన బాధ తనే చెప్పుకోవాలి. బ్యాకప్ చూసుకోండి, యూపీఎస్ చూసుకోండి లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలుసు. నేను చెప్పేది నెట్‌యాప్ బాక్సుల్లో నడిచే ఆన్‌ట్యాప్ సాఫ్ట్‌వేర్ గురించి, అందులో ఆటోసపోర్ట్ గురించి, అదీ కమాండ్ లైన్‌లో. కమాండ్లు తెలుగులో రాస్తున్నా, చదివినట్టే ఇంగ్లీషులో కొట్టండి, మధ్యలో ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది.

మెయిల్ వేరు, మెసేజ్ వేరు

ట్రాన్స్‌పోర్ట్ (కబురు ఏ దారిలో వెళ్లాలనే సెట్టింగ్) హెచ్‌టీటీపీఎస్ అని పెట్టారనుకోండి (డిఫాల్ట్ అదే, అదే ఉంచండి). నెట్‌యాప్‌కి వెళ్లేది హెచ్‌టీటీపీఎస్ దారిలో, 443 పోర్ట్ మీదుగా వెళ్తుంది. "టు" దగ్గర మీరిచ్చిన మీ సొంత అడ్రసులకి వెళ్లేది మాత్రం ఎప్పుడూ ఎస్‌ఎంటీపీ దారిలోనే, అంటే మామూలు మెయిల్ దారిలోనే, మీ ఆఫీసు మెయిల్ సర్వర్ ద్వారా వెళ్తుంది. రెండు దారులు. ఒకటి తెరిచి ఉందంటే రెండోది తెరిచి ఉందని కాదు. లోపలి మెయిల్ సర్వర్‌కి వెళ్లడానికి ఏ ఫైర్‌వాల్ అడ్డం ఉంటుంది చెప్పండి? అది ఎప్పుడూ పోతుంది. మీ ఇన్‌బాక్స్‌లో టెస్ట్ మెయిల్ చూసి మీరు హ్యాండోవర్ షీట్‌లో "ఆటోసపోర్ట్ ఓకే" అని రాసేస్తారు. బయటి దారి మొదటి రోజు నుంచీ మూసుకునే ఉంటుంది.

చూడాల్సిన చోటు ఒక్కటే: సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ హిస్టరీ షో.

ఆ కుర్రాడి దగ్గర ఈ కమాండ్ కొట్టించాను. ప్రతి సీక్వెన్స్ నంబర్ కింద డెస్టినేషన్‌కి ఒకటి చొప్పున వరుసలున్నాయి. ఎస్‌ఎంటీపీ వరుసలో "సెంట్ సక్సెస్‌ఫుల్", ఒక్క ప్రయత్నంలోనే. దాని పక్కనే హెచ్‌టీటీపీ వరుసలో (నెట్‌యాప్‌కి వెళ్లేది ఇదే) "ట్రాన్స్‌మిషన్ ఫెయిల్డ్", ప్రయత్నాలు 15. ఆ 15 ఎక్కడిదంటే, డిఫాల్ట్‌గా నాలుగు నిమిషాలకోసారి చొప్పున 15 సార్లు ప్రయత్నించి వదిలేస్తుంది, అంటే గంటసేపు తలుపు కొట్టి వెనక్కి తిరిగి వచ్చేస్తుందన్నమాట. స్క్రీన్ మీద పైకి జరుపుతూ పోతే ప్రతి మెసేజ్‌కీ అదే కథ, ఎస్‌ఎంటీపీ ఒకటి, హెచ్‌టీటీపీ 15, ఒకటి, 15, ఒకటి, 15. కుర్రాడు ఏమీ మాట్లాడలేదు.

నోట్‌టు (పొట్టి కబుర్లు వెళ్లే అడ్రస్) వరుసలో "ఇగ్నోర్" అని ఉంటే కంగారు పడకండి, అక్కడ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. హెచ్‌టీటీపీ వరుసలో "ఇగ్నోర్" ఉంటే మాత్రం కంగారు పడండి. ఎవరో "సపోర్ట్" అనే సెట్టింగ్‌ని డిసేబుల్ చేసి ఉంటారు. "స్టేట్" అనే ఇంకో సెట్టింగ్‌ని డిసేబుల్ చేస్తే ఎవరికీ ఏమీ వెళ్లదు, అదైనా నయం, మెయిళ్లు ఆగిపోతే ఒక రోజు కాకపోతే ఒక రోజు ఎవరో ఒకరు అడుగుతారు. సపోర్ట్ డిసేబుల్ చేస్తే మీకు శుభ్రంగా మెయిళ్లు వస్తూనే ఉంటాయి, కంపెనీకి మాత్రం వెళ్లవు. మళ్లీ అదే తప్పులో పడతారు. మీకు మెయిల్ వచ్చిందంటే మీకు వచ్చిందనే, అంతకుమించి ఏమీ లేదు.

ఎస్‌ఎంటీపీతోనే కంపెనీకి పంపిస్తున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ "సెంట్ సక్సెస్‌ఫుల్" అంటే మీ రిలే సర్వర్ (మెయిల్ అందుకుని ముందుకు పంపేది) చేతిలో పెట్టానని మాత్రమే. ఆ రిలే బయటి డొమైన్లకి పంపదనుకోండి, మీ అడ్రస్‌కి చేరుతుంది, వాళ్లకి చేరదు, హిస్టరీ మాత్రం పచ్చగా కనిపిస్తుంది. పైగా ఎస్‌ఎంటీపీ సైజు పరిమితి డిఫాల్ట్‌గా 5 ఎంబీ, హెచ్‌టీటీపీకి 50 ఎంబీ. ఇంకొకటి, ఆన్‌డిమాండ్ అని ఒకటుంది, సపోర్ట్ వాళ్లు తమకి కావాల్సిన లాగ్ తామే అడిగి తెప్పించుకుంటారు, అది హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది. రాత్రి రెండింటికి లాగ్‌లు అప్‌లోడ్ చేస్తూ కూర్చోవడం ఇష్టమైతే ఎస్‌ఎంటీపీలో ఉండండి, మీ ఇష్టం.

అసలైన సాక్ష్యం అవతలి పక్క ఉంటుంది. డిజిటల్ అడ్వైజర్ పోర్టల్‌లో (పాతవాళ్లకి యాక్టివ్ ఐక్యూ) మీ సీరియల్ నంబర్ కొట్టి చివరి మెసేజ్ ఏ తేదీన అందిందో చూడండి. అక్కడ తేదీ పాతదైతే మీ దగ్గర ఎన్ని మెయిళ్లున్నా వేస్ట్.

దారి ఎక్కడ మూసుకుంటుంది

నేను చూసినంతలో ముఖ్యంగా మూడు చోట్ల.

ఒకటి ప్రాక్సీ, అంటే బయటికి వెళ్లే ట్రాఫిక్‌కి మధ్యవర్తి సర్వర్. ఆ కుర్రాడిదీ ఇదే. ఆఫీసు ప్రాక్సీ మధ్యలో కూర్చుని హెచ్‌టీటీపీఎస్‌ని విప్పి చూసి, తన సర్టిఫికెట్ తగిలించి పంపిస్తుంది. ఆన్‌ట్యాప్ డిఫాల్ట్‌గా అవతలి సర్టిఫికెట్‌ని సరిచూస్తుంది కాబట్టి ఈ కొత్త మొహాన్ని చూసి వెనక్కి వచ్చేస్తుంది. సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడి ఆ ఒక్క అడ్రస్‌కి తనిఖీ మినహాయించమనండి. సర్టిఫికెట్ చెకింగ్ ఆపేద్దాం అనే తెలివి మాత్రం వద్దు. ప్రాక్సీకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఆ అకౌంట్ ఎవరిదో, పాస్‌వర్డ్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో చూడండి. రాజీనామా చేసి వెళ్లిపోయినవాడి అకౌంట్‌తో నడుస్తున్నవి చూశాను.

రెండు, రెండో నోడ్. క్లస్టర్ అంటే కలిసి నడిచే కంట్రోలర్ల గుంపు, అందులో ఒక్కోటీ ఒక నోడ్. మెసేజ్ ఏ నోడ్‌దైతే ఆ నోడ్ నుంచి వెళ్తుంది. ఫైర్‌వాల్ రిక్వెస్ట్‌లో ఒక నోడ్ ఐపీ మాత్రమే రాసి, టెస్ట్ కూడా ఆ నోడ్ మీదే కొట్టి, బాగుందనుకుని వెళ్లిపోతారు. రెండో నోడ్ మూగది. క్లస్టర్‌కి తర్వాత చేర్చిన నోడ్లదీ అదే గతి. కమాండ్‌లో నోడ్ దగ్గర స్టార్ (*, అంటే అన్ని నోడ్లూ) పెట్టండి, సెట్టింగ్ మార్చే మోడిఫైలో అయినా టెస్ట్‌లో అయినా.

మూడు, డీఎన్‌ఎస్, అంటే పేరు అడిగితే ఐపీ చెప్పేది. ఎవరో అది నడిచే డొమైన్ కంట్రోలర్ సర్వర్ మార్చారు, క్లస్టర్‌లో పాత ఐపీనే ఉంది. ఇంతే.

ఈ మూడింటికీ కలిపి ఒక కమాండ్ ఉంది: సిస్టమ్ నోడ్ ఆటోసపోర్ట్ చెక్ షో. హెచ్‌టీటీపీ, ఎస్‌ఎంటీపీ, ఆన్‌డిమాండ్, కాన్ఫిగరేషన్ విడివిడిగా ఓకేనో ఫెయిలో చెప్తుంది. ఫెయిల్ అని వస్తే చెక్ షో-డీటెయిల్స్ (షోకి, డీటెయిల్స్‌కి మధ్య హైఫన్) కొట్టండి, కారణం, ఏం చెయ్యాలో కూడా అదే చెప్తుంది. ఇంత సులువైనది ఎందుకు వాడరో నాకర్థం కాదు.

మెయిల్ హోస్ట్ సంగతి ఒకటి. అంటే మెయిల్ సర్వర్ పేరిచ్చే సెట్టింగ్. "మేం హెచ్‌టీటీపీఎస్‌లో ఉన్నాం, మాకు మెయిల్ హోస్ట్ ఎందుకు" అని ఖాళీగా వదిలేస్తారు. నోడ్ పూర్తిగా పడిపోయినప్పుడు కబురు పంపేది సర్వీస్ ప్రాసెసర్, నోడ్‌లోనే విడిగా నడిచే చిన్న కంప్యూటర్. అది మీ ట్రాన్స్‌పోర్ట్ సెట్టింగ్‌ని పట్టించుకోదు, ఎస్‌ఎంటీపీ ఒక్కటే వాడుతుంది, మెయిల్ హోస్ట్ మీరిచ్చిన సెట్టింగ్‌లోంచే తీసుకుంటుంది. అది లేకపోతే, నోడ్ చచ్చిపోయిన రాత్రే దానికి నోరు ఉండదు. సర్వీస్ ప్రాసెసర్ ఐపీ నుంచి మెయిల్ సర్వర్‌కి దారి ఉందో లేదో కూడా చూసుకోండి.

మెయింటెనెన్స్ అని చెప్పి మర్చిపోవడం

పండగకి ముందు కరెంటు పనులు, ఏసీ సర్వీసింగ్ పెట్టుకుంటారు. అప్పుడు అనవసరపు కేసులు తెరుచుకోకుండా ఆటోసపోర్ట్‌ని డిసేబుల్ చేస్తారు. చెయ్యకండి. డిసేబుల్ చేసినవాడికి తిరిగి ఎనేబుల్ చెయ్యడం గుర్తుండదు, నాతో సహా. దానికి పద్ధతి వేరే ఉంది: ఆటోసపోర్ట్ ఇన్‌వోక్, నోడ్ స్టార్, టైప్ ఆల్, మెసేజ్ దగ్గర "మెయింట్=2హెచ్". రెండు గంటలు కేసులు తెరవరు, మెసేజ్‌లు మాత్రం వెళ్తూనే ఉంటాయి, గడువు తీరాక దానంతటదే మామూలైపోతుంది. పని ముందే అయిపోతే "మెయింట్=ఎండ్". గరిష్ఠం 72 గంటలు. ఒక మహానుభావుడు పండగ మూడు రోజులూ ప్రశాంతంగా ఉండాలని బస్సెక్కే ముందు 72హెచ్ కొట్టి వెళ్లాడు. నిజంగానే ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తున్నా.

- టెస్ట్ కొట్టండి. ఇన్‌వోక్, నోడ్ స్టార్, టైప్ టెస్ట్. కొట్టాక ఇన్‌బాక్స్ తెరవకండి, హిస్టరీ తెరవండి.
- హిస్టరీలో "క్యూడ్", "ట్రాన్స్‌మిటింగ్" అని ఉంటే అయిపోయినట్టు కాదు. టీ తాగొచ్చి మళ్లీ చూడండి.
- పెట్టినప్పటి టెస్ట్ చెల్లదు. ఫైర్‌వాల్ మారింది, ప్రాక్సీ మారింది, మనుషులు మారారు. ఈ వారం టెస్ట్ కావాలి.
- "టు" దగ్గర మనిషి పేరుతో ఉన్న అడ్రస్ తీసెయ్యండి, గ్రూప్ అడ్రస్ పెట్టండి. ఐదు దాకా ఇవ్వొచ్చు.
- ఆ మెయిళ్లని ఫోల్డర్‌లోకి తోసే రూల్ మీ మెయిల్‌లో ఉందా? ఉంది. నాకు తెలుసు. పండగ నాలుగు రోజులూ తీసెయ్యండి.
- నోట్‌టు వాడండి. క్రిటికల్‌వి మాత్రమే, పొట్టిగా వస్తాయి, ఊళ్లో ఫోన్‌లో చదువుకోవచ్చు.
- వారం మెసేజ్ శనివారం రాత్రి దాటి ఆదివారం మొదలవగానే, 12 నుంచి ఒంటిగంట లోపు బయల్దేరుతుంది, క్లస్టర్ టైమ్‌జోన్ ప్రకారం. టైమ్‌జోన్ యూటీసీలో వదిలేసి ఉంటే మనకది పొద్దున ఐదున్నర. "రాత్రి రాలేదు" అని గాభరా పడకండి. సోమవారం కూడా లేకపోతే పడండి.
- ప్రైవేట్ డేటా తీసెయ్యి అనే సెట్టింగ్‌ని పండగ ముందు ముట్టుకోకండి. దాన్ని ఆన్ చేస్తే పాత హిస్టరీ మొత్తం చెరిగిపోతుంది, తర్వాత దేన్ని చూసి నిర్ధారించుకుంటారు?
- సపోర్ట్ సైట్‌లో మీ సైట్ అడ్రస్, కాంటాక్ట్ నంబర్ చూడండి. మెసేజ్ సరిగ్గా వెళ్లి, డిస్కు పాత ఆఫీసుకి చేరితే ఏం లాభం.
- సెక్యూరిటీ గార్డుకి చెప్పండి. పండగ రోజు పార్సిల్ తెచ్చినవాణ్ణి గేటు దగ్గర నుంచే తిప్పి పంపిస్తాడు.
- స్పేర్ ఎన్ని ఉన్నాయో ఇప్పుడే చూడండి. సున్నా అయితే ఊరు తర్వాత.
- షెల్ఫ్ దగ్గరకి వెళ్లి ఒకసారి కళ్లతో చూడండి. ఆరెంజ్ లైటు కనిపించడానికి కమాండ్ అక్కర్లేదు.
- ఈ వారం ఫైర్‌వాల్ మార్పులు ఎవరైనా చేస్తే, చేసిన పది నిమిషాలకి మళ్లీ టెస్ట్. "మేం మీ రూల్ ముట్టుకోలేదు" అంటారు. అయినా టెస్ట్.
- మెయింట్ పెట్టారా? ఎండ్ కొట్టారా?
- బయల్దేరే రోజు పొద్దున ఇంకోసారి హిస్టరీ షో. రెండు నోడ్లూ. హెచ్‌టీటీపీ వరుస. మీ మెయిల్ కాదు.